పిట్ట ముట్టిన రోజు

తినే అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పన లేదు. కోరుట్లలో నా మాటలు నమ్మి మోసపోయినవాళ్లు ఒకరిద్దరు ఉంటే ఉండవచ్చు గానీ, ఈ వయసులో, అందునా చావు సంగతిలో, నేను అబద్ధమాడతానా?

మొన్న మా ఆవిడ అక్కను, అంటే మా వదినను, జగిత్యాల తీసుకుపోయాను. భర్త పోయినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు, ఎవరితోనూ మాట లేదు. అయినవాళ్లను పోగొట్టుకున్నవారితో కూర్చుని మాట్లాడే కౌన్సిలర్ అమ్మాయి ఒకామె అక్కడ ఉందని ఎవరో చెప్పారు. ఆ అమ్మాయి ధైర్యంగా ఉండాలని ఉపదేశాలు చెప్పలేదు, తొందరపెట్టలేదు, కుర్చీ దగ్గరికి జరుపుకొని, "సార్ పోయినంక ఒక్కసారన్నా మనసుతీర ఏడ్చిండ్రా అమ్మా?" అని అడిగింది.

"ఏడ్వనీకి జాగ ఏడున్నది బిడ్డా? కింద కిరాయిదార్లు, మీద కిరాయిదార్లు. జర దగ్గితెనే ఏమైందని అడుగుతరు" అన్నది మా వదిన.

ఆ మాట చెవిన పడగానే నేను కుర్చీలో కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే సిరిసిల్లకు వెళ్లిపోయాను, మా మేనమామ షెడ్డుకు, నేను కొత్తగా పనికి కుదిరిన రోజులకు.

మామకు నాలుగు సాంచాలు ఉండేవి. మరమగ్గాలను మేం అట్లాగే అంటాం. వాటి మోతలో పక్కమనిషి అరిచినా వినపడదు కనుక చేతులతో, పెదవులతో మాట్లాడుకునేవాళ్లం. మామ అయితే నిద్ర కూడా ఆ మోతలోనే పోయేవాడు, కరెంటు పోయి సాంచాలు ఆగితేనే ఉలిక్కిపడి లేచేవాడు. అటువంటి మనిషి ఒక పొద్దున చాయ్ తాగుతూ తాగుతూనే పోయాడు. ఆయన మీది గౌరవంతో వాడకట్టంతా మూడు రోజులు సాంచాలు బంద్ పెట్టింది. అత్త మాత్రం ఏడవలేదు. వచ్చినవాళ్లకు చాప పరిచింది, నీళ్లిచ్చింది, అన్నం దగ్గర మాత్రం, "పిట్ట ముట్టినంకనే నేను ముట్టుత" అని ఒకటే మాట.

మూడో రోజు మిద్దె మీద పిట్టకు పెట్టాం. పోయినవారికి ఇష్టమైనవి ఆకులో పెట్టి దూరంగా నిలబడతాం, కాకి వచ్చి ముట్టితే ఆ మనిషికి తృప్తి, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు లెక్క. బోటికూర పెట్టాం, కల్లు పెట్టాం, బీడీలు పెట్టాం. ఎండ నడినెత్తికి వచ్చినా ఒక్క కాకీ రాలేదు. మామకు అన్న, మా పెద్దమామ, ఆకాశం వైపు చేతులు జోడించి, "తమ్మీ, నీ సాంచాలు అమ్మం, నీ పెండ్లాన్ని మేం అరుసుకుంటం, అచ్చి ముట్టురా" అని బతిమాలాడు. పక్కింటాయన ముందుకొచ్చి, "బావా, నీ సైకిల్ పంపు నా కాడనే ఉన్నది, రేపే తెచ్చిస్త" అన్నాడు. దానికీ రాలేదు. అప్పటికే అత్త పెదవులు ఎండి, గోడ పట్టుకుని నిలబడే స్థితికి వచ్చింది.

"సప్పుడు లేని కాడికి ఆయనెట్ల అస్తడు?" అన్నదామె హఠాత్తుగా. "అల్లుడా, సాంచాలు నడుపు."

"మైల ఇంట్ల సాంచ నడుపుతరా, నలుగురు నవ్వరా?" అన్నాడు పెద్దమామ.

"నవ్వనీ బావా. గా మోతల నవ్వు గూడ ఇనపడదు."

నేను కదిలేలోపే ఆమె కింద షెడ్డులోకి దిగి తానే స్విచ్ వేసింది. నాలుగు సాంచాలూ ఒక్కసారి లేచాయి. అత్త మామ నిలబడే చోట నిలబడి, నేసిన గుడ్డను రెండు చేతులా పట్టుకొని నోరు తెరిచింది. శబ్దం నాకు వినపడలేదు, భుజాలు అదరడం మాత్రం చూశాను. ఎంతసేపు ఏడ్చిందో చెప్పలేను. నేను వాకిట్లో అడ్డంగా నిలబడి, లోపలికి రాబోయిన ప్రతివారికీ నూలు తెగింది, అత్త అతుకుతున్నదని సైగ చేసి పంపించాను.

అప్పుడు దిగింది కాకి. మామూలు కాకి కాదు, కాకుల్లో ఆసామి. ముందు బోటికూర రుచి చూసింది, కల్లు రెండు గుక్కలు తాగింది, ఒక బీడీ ముక్కున కరచుకొని షెడ్డు మీదుగా ఎగిరిపోయింది.

సరే, ఒప్పుకుంటాను, కాకి రాలేదు. సాంచాలు నిజం, అత్త ఏడుపు నిజం, నూలు తెగిందని నేనాడిన అబద్ధం కూడా నిజమే. అత్త మొహం తుడుచుకొని మిద్దె ఎక్కేసరికి ఆకు పెట్టింది పెట్టినట్టే ఉంది. పెద్దమామ గబగబా చూపుడువేలితో కూరను అటూ ఇటూ జరిపి, "ముట్టింది" అన్నాడు. పక్కింటాయన, "నా కండ్లతోని నేను చూసిన" అన్నాడు. నేను కాకి రెక్కలు ఇంత పొడవని చేతులు చాచి చూపించాను. అత్త ఆకు వంక చూసింది, పెద్దమామ వేలికి అంటిన మసాలా వంక చూసింది, వెళ్లి కంచం ముందు కూర్చుంది.

కౌన్సిలర్ అమ్మాయి దగ్గరికి వదినను వచ్చే వారం మళ్లీ తీసుకుపోతాను, ఆమె వల్ల మేలు జరుగుతుందనే నా నమ్మకం. కానీ ఒక మనిషి చేత ఒక్క ముద్ద తినిపించడానికి వాడకట్టంతా కలిసి ఒకే అబద్ధం మీద నిలబడే రోజులు పోయాయి. ఇప్పుడా పనంతా నేనొక్కణ్నే చూసుకోవలసి వస్తోంది.