పసుపు బొట్టుకు పోయిన వారంటీ

వరంగల్‌లో కంప్యూటర్ కొనాలనుకున్నవాళ్ళు ముందు సదానందాన్ని అడుగుతారు. హనుమకొండ చౌరస్తా వెనక సందులో అతనిది చిన్న రిపేరు షాపు. "సదన్నా, ఏ కంపెనీది తీసుకోమంటవ్?" అంటే వెంటనే చెప్పడు. "జర ఆగు, పోయి కూసోని వస్త" అంటాడు. ఎక్కడ కూర్చుంటాడో కొత్తవాళ్ళకు అర్థం కాదు. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్లో, పాడైన మిషన్లు పట్టుకొచ్చినవాళ్ళ కోసం వేసిన కుర్చీల్లో కూర్చుంటాడు. ఎవరు విసుక్కుంటూ బయటికొస్తున్నారో, ఎవరు నవ్వుకుంటూ వస్తున్నారో చూస్తాడు. కౌంటరు దగ్గర ముసలివాళ్ళతో ఎలా మాట్లాడుతున్నారో వింటాడు. డబ్బా మీద రాసిన గొప్పలన్నీ అతనికి అక్కర్లేదు.

"అమ్మేటప్పుడు అందరు రా అన్న, కూసో అన్న అంటరు. ఖరాబైనంక కూడా గట్లనే పిలుస్తరా లేదా? నాకు గది చూడాలె" అని అతని వాదన.

భార్య సునీతకు ఇదంతా నవ్వులాట. "మా తల్లిగారింటికి రమ్మంటే టైం లేదంటవ్. ఎవలదో సర్వీస్ సెంటర్ల మాత్రం పొద్దంత కూసుంటవ్. వాళ్ళు చాయ్ గూడ పొయ్యరు గదయ్యా!" అంటుంది. సదానందం నవ్వుతూనే మళ్ళీ బయల్దేరుతాడు. కొత్తగా షాపు పెట్టినప్పుడు తను కొన్న ప్రింటర్ నెల తిరక్కముందే మూలపడితే, కంపెనీవాళ్ళు హైదరాబాదుకూ వరంగల్‌కూ మధ్య బంతాట ఆడుకున్నారు. ఆ మంట ఇంకా ఆరలేదు. తన మాట మీద కొన్నవాడికి ఆ గతి పట్టకూడదని అతని పట్టుదల.

ప్రేమలత కూడా అతని మాట మీదే కొన్నది. ఆమెది కొత్తవాడ. మొగుడు ఎల్లస్వామి జంపఖానాలు నేస్తాడు. పెళ్ళైన నాటి నుంచీ మగ్గానికి నూలు కండెలు చుట్టీ చుట్టీ ఆమె భుజాలు పడిపోయాయి. చిన్నప్పటి నుంచీ ముగ్గుల్లో చెయ్యి తిరిగిన మనిషి కదా, ఎవరో నేర్పితే కంప్యూటర్ మీద జంపఖానాల డిజైన్లు గీయడం నేర్చుకున్నది. చేనేత సొసైటీ ప్రెసిడెంటు కిషన్ రావుకు అవి నచ్చి పని ఇవ్వడం మొదలుపెట్టాడు. సదానందం చెప్పిన కంపెనీ ల్యాప్‌టాప్ ఇంట్లోకి వచ్చాక వాడకట్టులో ఆమె పేరే మారిపోయింది. ఎల్లస్వామి పెళ్ళాం కాస్తా డిజైన్ల ప్రేమలత అయింది.

అలాంటి మనిషి దసరా అయిన వారానికి సదానందం షాపు మెట్లెక్కి, ల్యాప్‌టాప్ సంచీని ఒళ్ళో పెట్టుకొని ఏడుస్తూ కూర్చుంది.

"ఏమైంది చెల్లె? ఎవలేమన్నరు?"

"ఎవలేమంటరన్నా, నేనే ఖరాబ్ చేసుకున్న. లైటు వెలుగుతాంది గని తెర మీద ఏం వస్తలేదు. సుబేదారి సర్వీస్ సెంటర్‌కు తీస్కపోయిన. దసరాకు మగ్గానికి పెట్టిన చేత్తోనే దీనికి గూడ పసుపు కుంకుమ పెట్టిన గద, గా పొడి లోపటికి పోయి బోర్డు కాలిందట. నీదే తప్పు, వారంటీ రాదన్నరు. బొట్టును ఫొటో గూడ తీసుకున్నరు."

"బొట్టు ఏడ పెట్టినవ్?"

ఆమె సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి మూత మీద ఒక మూల చూపించింది. తడిబట్టతో తుడిచినట్టున్నది, పసుపు మరక లేతగా మిగిలింది. సదానందం దాన్ని చూసి, ఆమెను చూసి, మళ్ళీ దాన్ని చూశాడు.

"మూత మీద పెట్టిన బొట్టు, తెర దాటి, కీబోర్డు దాటి, కిందున్న బోర్డు దాక నడుసుకుంట పోయిందా? దానికేమన్న కాళ్ళున్నయా చెల్లె!"

ఆమె నవ్వలేదు. "దీపావళి దాక డిజైన్లు ఇయ్యకుంటే పని హైదరాబాదోళ్ళకు ఇస్త అన్నడు కిషన్ రావు సార్. మల్ల కండెలు చుట్టుడే. పోనీ, గది గూడ పడుత గని..." అని ఆగింది. "నా చెయ్యి మంచిది కాదేమో అనిపిస్తాందన్నా. మొన్న శుక్రవారం గడపకు బొట్టు పెట్టబోయి చెయ్యి ఎనక్కు తీసుకున్న. పెట్టలే. లేసి లోపటికి పోయిన."

ఆ మాటకు సదానందానికి అరికాలి మంట నెత్తికెక్కింది. మిషన్ చెడిపోవడం ఒక ఎత్తు. ఏ మిషనైనా చెడిపోతుంది, చేసినవాడు బాగుచెయ్యాలి, అంతే. వీళ్ళు బాగుచెయ్యకపోగా, ఆడమనిషిని ఆమె చేతికే భయపడేలా చేసి పంపారు! ఇంత అన్యాయం ఉంటుందా? తన మీద తనకూ కోపం వచ్చింది. అతను వెళ్ళి కూర్చున్నప్పుడు ఆ సెంటర్ కృష్ణమోహన్ అనే పెద్దాయన చేతిలో ఉండేది. వచ్చిన ప్రతివాడికీ మర్యాద ఉండేది. తర్వాత కంపెనీ దాన్ని వేరే కాంట్రాక్టరుకు అప్పగించిందని విన్నాడు, మళ్ళీ వెళ్ళి చూడలేదు.

"రేపు పోదాం. నువ్వేం మాట్లాడకు, ముందు కూసుందాం" అన్నాడు.

మర్నాడు సుబేదారి సర్వీస్ సెంటర్ మెట్లెక్కి ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. పక్కన స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన వెంకటయ్య అనే రైతు, మనవరాలి ల్యాప్‌టాప్‌ను తువాలులో చుట్టి పట్టుకున్నాడు. ఆ పక్కన డిగ్రీ చదివే నవ్య. ముగ్గురివీ ఒకే రకం మిషన్లు.

"ఏమైంది పెద్దనాయనా?" అని మెల్లగా అడిగాడు సదానందం.

"లైటు వస్తది బిడ్డా, బొమ్మ రాదు. లోపట చీమలు చొచ్చినయట. మా ఇంట్ల చీమలున్నయని వీనికెట్ల ఎరుక?"

"నాది గూడ గంతే అంకుల్" అంది నవ్య. "మా హాస్టల్‌ల తేమ ఉన్నదట. తేమ పట్టిందన్నరు."

సదానందానికి విషయం తేటతెల్లమైంది. రోగం ఒక్కటే, సాకులే వేరు. పల్లెటూరోడికి చీమలు, హాస్టలు పిల్లకు తేమ, నేతపని ఇంటికి పసుపు. చెడ్డ బోర్డు అమ్మినవాడు మాత్రం కడిగిన ముత్యం! లేచి కౌంటరు దగ్గరికి నడిచాడు.

కౌంటరు వెనక మేనేజరు భానుచందర్ టై సర్దుకుంటున్నాడు. "మొన్ననే చెప్పినం గద మేడం. లోపలికి పౌడర్ పోయింది. కస్టమర్ వల్ల జరిగిన డ్యామేజీ" అన్నాడు, ప్రేమలత వైపు చూడకుండానే.

"విప్పి చూసినవా?" అన్నాడు సదానందం.

"అవసరం లేదు. ఫొటో ఉంది."

"దవాఖానకు పోతే డాక్టరు గూడ నాడి పట్టి చూస్తడు. నువ్వు మూత మీద బొట్టు చూసి బోర్డు కాలిందని చెప్పినవా? గా పెద్దమనిషిదానికి చీమలంటివి, గీ పిల్లదానికి తేమంటివి. ముగ్గురిదీ ఒక్క తీరుగనే పోయింది. ఇంతకు ముందు ఎంతమందికి ఏమేం చెప్పినవ్?"

"మీరు గొడవ చేస్తే సెక్యూరిటీని పిలవాల్సి వస్తుంది."

"పిలువు! ఆయన గూడ వింటడు."

గొంతులు లేచాయి. వెంకటయ్య లేచి నిలబడ్డాడు. భానుచందర్ ఏవేవో నిబంధనలు వల్లిస్తున్నాడు, సదానందం మాటకు మాట అంటున్నాడు. ప్రేమలత మాత్రం పొద్దుటి నుంచీ వంచిన తల ఎత్తకుండా నిలబడింది. అరుపులు భరించలేక ఒక్కసారి తలెత్తింది. ఎత్తిన తల అలాగే ఆగిపోయింది.

"సార్" అంది. ఎవరూ వినలేదు. "సార్!" అని గట్టిగా అంది.

ఇద్దరూ ఆగారు.

"గా బొట్టు ఎవలు పెట్టిన్లు సార్?"

ఆమె వేలు భానుచందర్ ముందున్న ల్యాప్‌టాప్ వైపు ఉంది. అది అదే కంపెనీది. దాని మూత వచ్చినవాళ్ళ వైపే తిరిగి ఉంది. ఆ మూత మీద దసరా నాటి పసుపు, నడుమ కుంకుమ, అంచుకు అతుక్కున్న ఎండిన బంతిపూల రెక్క. పొద్దుటి నుంచీ అందరి కళ్ళముందే ఉంది. మన దగ్గర బొట్టు లేని మిషన్ ఎక్కడుంది కనక, పనిగట్టుకొని చూడటానికి? చూడటమే వృత్తిగా కూర్చున్న సదానందం కంటికి కూడా అది ఆనలేదు.

"అది... ఆఫీసు పూజప్పుడు..." అన్నాడు భానుచందర్.

"మరి నడుస్తాంది గద సార్."

వెంకటయ్య పెద్దగా నవ్వాడు. నవ్య ఫొటో కోసం ఫోన్ తీసింది. సదానందం కౌంటరు మీద అరచేత్తో చరిచాడు.

"ఇగో, కాయితం తీయి. నేను చెప్పినట్టు రాసి ముద్రేసి ఇయ్యి. కంపెనీ బొట్టుకు మిషన్ నడుస్తది, కొన్నోళ్ళ బొట్టుకు కాలిపోతది. గంతే. తీస్కొని పోతం."

భానుచందర్ మొహం కందగడ్డలా అయింది. లోపలికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. వచ్చి, మిషన్ విప్పి చూడటానికి తీసుకుంటామన్నాడు. "ఒక్కటి కాదు, మూడు" అని సదానందం కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు. వెంకటయ్యదీ నవ్యదీ కూడా తీసుకొని రసీదులు రాసేదాకా కదల్లేదు. విప్పి చూస్తే పసుపు లేదు, చీమలు లేవు, తేమ లేదు. ముగ్గురికీ కొత్త బోర్డులు వేస్తామని తర్వాత ఫోన్ వచ్చింది. తప్పైందన్న మాట మాత్రం ఒక్కడి నోటా రాలేదు. సదానందం ఆ కంపెనీ పేరు మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

దీపావళికి ఇంకా కొన్ని రోజులుండగా ప్రేమలత మిషన్ వచ్చింది. భానుచందర్ కౌంటరు మీద పెట్టి ఆన్ చేశాడు. తెర వెలిగింది, ఆమె సగంలో ఆపిన నెమలి డిజైన్ రంగులతో సహా కనిపించింది. మూతను ఏదో మందుతో రుద్ది పసుపు మరక ఆనవాలు కూడా లేకుండా తుడిచారు. అతని ముందున్న ల్యాప్‌టాప్ మూత కూడా శుభ్రంగా తుడిచి ఉంది.

"మేడం, ఇకనుంచి పసుపు కుంకుమ పెట్టకండి. మళ్ళీ ప్రాబ్లం అయితే మేం బాధ్యులం కాదు" అన్నాడు.

సదానందం నోరు తెరవబోయాడు. ప్రేమలత అతన్ని ఆగమన్నట్టు చెయ్యెత్తి, సంచీలోంచి భద్రకాళి గుడి కుంకుమ పొట్లం తీసింది. కౌంటరు మీదే విప్పింది. ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మగ్గానికి పెట్టినంత నిదానంగా, మూత నట్టనడుమ, రూపాయంత బొట్టు పెట్టింది.

"ఫొటో తీసుకోండ్రి సార్" అంది.