హలోకి ముందు నేనన్న మాటలు

మా వైపు ఎవరి కొంప మునిగినా కొల్లేరు పొంగినప్పుడే మునుగుతుంది. నా కొంప మాత్రం నడి ఎండాకాలంలో, చుక్క వాన లేకుండా, అరచేతిలో పట్టే మడత ఫోను వల్ల మునిగింది. ఎలా మునిగిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. ఊరంతా నవ్వేశాక మీరొక్కరూ బిగపట్టుకుంటే నాకు ఒరిగేదేముంది?

ముందుగా మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. నేను చదువుకున్నదాన్ని. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ చదువు నా ఇంటికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా చదువొచ్చిన ఆడది చోటెరగదు. తల నెరిశాక మా కోడలు సునీత నాకు అక్షరాలు దిద్దించింది. ఆ పిల్ల బళ్లో టీచరు. అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "తప్పండీ అత్తయ్యగారూ, మళ్లీ రాయండి" అనే అదృష్టం ఎంతమంది కోడళ్లకు దక్కుతుంది చెప్పండి! అప్పట్నుంచీ బస్సు మీది బోర్డు, సబ్బు మీది కాగితం, గోడ మీది ప్రకటన, ఏదీ వదలకుండా చదివేదాన్ని. అదీ పైకే. మనసులో చదువుకోవడం నాకు చేతకాదు. నోట్లోంచి రాని చదువు, ఉడకని అన్నం లాంటిది. ఉందంటే ఉంది గానీ కడుపు నిండదు.

మా అబ్బాయి ప్రసాదు ఏలూరులో మోటార్లు బాగుచేస్తాడు. నా చేపలు తోమే చేతులకు టచ్ ఫోను లొంగడం లేదని, బటన్లుండే మడత ఫోను ఒకటి కొని తెచ్చాడు. ఎర్ర రంగు, పైన మూత, లోపల పెద్ద పెద్ద అక్షరాలు.

"మోగితే మూత తీస్తే చాలమ్మా..." అని మొదలుపెట్టాడు.

"బియ్యం డబ్బా మూత తీసే చేతికి దీని మూత తియ్యడం నేర్పుతావేరా?"

"అది కాదే, మూత తియ్యగానే..."

"తెలుసులేరా! ముందు పేర్లు ఎక్కించు. తెలుగులో ఎక్కించు. ఎవరు చేశారో నేనే చదువుకుంటాను."

వాడు మింగేసిన ఆ మిగతా సగం మాట నేను విని ఉంటే, ఇవాళ మీకు ఇలా దొరికిపోయేదాన్ని కాదు.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. మా చర్చిలో సుగుణమ్మలు కొల్లేట్లో కొంగల్లాగా ఎటు చూసినా ఉంటారు. అందుకని ఒక్కొక్కరికీ ఒక గుర్తు తగిలించమన్నాను. మా పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడాల్సిందే కనుక ఆయన 'పొడుగు ప్రార్థన అయ్యగారు'. మా ఆడపడుచు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వెనక ఉంటుంది. ఆ ఘాటో ఏమిటో గానీ ఫోను చేసిందంటే ఏడుపే కనుక 'ఏడుపు వదిన'. ఇక సునీత వాళ్లమ్మ, ముదినేపల్లిలో ఉండే మా వియ్యపురాలు సుగుణమ్మగారు. నిశ్చితార్థం నాడు ఆవిడ పెట్టిన చేపల పులుసులో ఉప్పు, కారం, పులుపు మూడూ కూడబలుక్కుని రాలేదు. అందుకని 'చప్పిడి పులుసు సుగుణమ్మ'.

ప్రసాదు చెయ్యి ఆగిపోయింది. "మా అత్తగారే అమ్మా ఆవిడ!"

"నా ఫోను మూత నేను తీస్తాను. ఆవిడకెలా తెలుస్తుందిరా?"

ఈ మాట ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి.

నా ఫోను పద్ధతి ఇలా ఉండేది. మోగగానే మూత తీసేదాన్ని. మోత టక్కున ఆగేది. ఆహా, నేను చదువుకునేదాకా నోరు మూసుకుని కూర్చుంది, ఎంత మర్యాదగల ఫోను అనుకునేదాన్ని. చెయ్యి బారెడు దూరం చాచి, కళ్లు చిట్లించి, పేరు కూడబలుక్కుంటూ పైకి చదివేదాన్ని. చదివాక ఆ మనిషి గురించి నాకు తోచిన నాలుగు ముక్కలు అనేదాన్ని. ఆ తర్వాత గొంతు సవరించుకుని, పచ్చ బటన్ నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, బెల్లప్పాకం లాంటి గొంతుతో "హలో అండీ!" అనేదాన్ని.

మీకు అర్థమైపోయింది కదూ? మూత తియ్యడమంటేనే ఫోను ఎత్తడం. పచ్చ బటన్ నొక్కడం వట్టి దండగ. అవతలివాళ్లు "హలో, హలో" అని అరిచినా, బారెడు దూరాన అది చీమ తుమ్మినట్టే. మీకు ఇంత తొందరగా తెలిసింది. నాకు తెలియలేదు. చదువుకున్నదాన్ని కదా!

గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ మూతలకు ఉంటాయని ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకపోవడమే అసలు బాధ. మా వైపువాళ్ల మర్యాద అలాంటిది. ఎదుటివాళ్ల చెప్పు కింద తమ కాలు పడి నలుగుతున్నా, "ఏవండీ, తమరి కాలు కొంచెం ఖాళీ అవుతుందాండీ?" అని అడిగే జనం. ఒక శనివారం అయ్యగారు ఫోను చేస్తే, "పొ...డు...గు ప్రా...ర్థ...న... అమ్మో, ఈయనా! ఈయన కళ్లు మూసుకుంటే మనం ఒక నిద్ర తీసి లేవొచ్చు" అని, ఆపైన "వందనాలండీ అయ్యగారూ!" అన్నాను. ఆయన కూడా మర్యాదగా వందనాలే చెప్పారు. ఆ మర్నాడు చర్చిలో మేమింకా కళ్లు సరిగ్గా మూసుకోకముందే ఆమేన్ అనేశారు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమోనని ఊరంతా బెంగపడింది. నేనైతే మిరియాల కషాయం కూడా పట్టుకెళ్లాను.

ఇక మునక సంగతికి వస్తున్నాను. సునీత పురిటికి ముదినేపల్లి వెళ్లి మగపిల్లాణ్ణి కన్నది. బాప్తిస్మం ఎక్కడ ఇప్పించాలన్నది మా రెండిళ్ల మధ్యా పేచీ అయింది. వాళ్ల చర్చిలోనా, మా చర్చిలోనా? నాకున్న కోరిక ఒక్కటే. పట్టుచీర కట్టుకుని, మనవణ్ణి రెండు చేతుల్లో ఎత్తుకుని, మా చర్చి మధ్యలోంచి నడిచి, అందరూ చూస్తుండగా అయ్యగారి చేతికివ్వాలి. అందుకోసం దేన్నయినా వదులుకుంటాను, నోరు తప్ప. ఇంట్లోవాళ్లందరితో మాట్లాడి ఏ సంగతీ ఫోను చేసి చెబుతానన్నారు సుగుణమ్మగారు.

నేను అరుగు మీద కత్తిపీట ముందేసుకుని చేపలు తోముతున్నాను. పక్కింటి సత్యవతి కూర్చుని కబుర్లు చెబుతోంది. ఫోను మోగింది. చెయ్యి చీరకు తుడుచుకుని మూత తీశాను.

"చ...ప్పి...డి... పు...లు...సు..."

"ఎవరండీ పిన్నిగారూ?" అంది సత్యవతి.

"మా వియ్యపురాలేనమ్మా. ఈవిడ పులుసు నువ్వు తినలేదు కదూ? కొల్లేట్లో కూడా అన్ని నీళ్లుండవు. ముక్క దొరక్క నేను వల వేద్దామనుకున్నాను!"

"ఊరుకోండి పిన్నిగారూ, పాపం."

"పాపమేముంది? మనవడికి ముక్కు ఆవిడ పోలికంట. పోనీలే, ముక్కుతో ఆగింది, ఆ చెయ్యి రాలేదు. ఇదిగో చూడు, ఇప్పుడెలా తేనె పూస్తానో. బాప్తిస్మం మన చర్చిలో అనేదాకా ఆవిడ పులుసు అమృతమే!"

పచ్చ బటన్ నొక్కాను. "హలో వదినగారండీ! నూరేళ్లండీ మీకు! ఇప్పుడే మీ చేతి పులుసు తలుచుకుంటున్నామండీ!"

 అవతలనుంచి మెత్తగా, వెన్న ముద్దలాగా గొంతు వచ్చింది. "అలాగాండీ వదినగారూ. సంతోషమండీ. బాప్తిస్మం మీ చర్చిలోనే పెట్టుకుందామండీ."

నేను సత్యవతికి కన్ను కొట్టాను. తేనె పూత పనిచేసింది!

"ఒక్క కోరికండీ," అన్నారావిడ. "భోజనాల్లోకి చేపల పులుసు మీ స్వహస్తాలతో చెయ్యాలండీ. మాకు మీ చెయ్యి రాదు కదండీ. మా వైపునుంచి నలుగురూ వస్తారండీ."

"అయ్యో, అంతకన్నానాండీ!"

నలుగురూ అంటే నలుగురే అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే ముదినేపల్లి నుంచి బస్సు దిగింది. ఆ వెనక ఇంకో బస్సు దిగింది. చుట్టాలు, చుట్టాల చుట్టాలు, దారిలో చెయ్యెత్తినవాళ్లు కూడా ఎక్కినట్టున్నారు. నేను చర్చి వెనక పందిట్లో నేల తవ్వి పెట్టిన గాడిపొయ్యి మీద పెద్ద గుండిగలతో కుస్తీ పడుతున్నాను. చేపల పులుసులో గరిటె పెడితే ముక్క చెదిరిపోతుంది. గిన్నెను పట్టుకుని కుదపాలి. గుండిగను కుదపడమంటే దున్నపోతుకు జోల పాడడమే. నేనొక పక్క, సత్యవతి ఒక పక్క గుడ్డలతో అంచు పట్టుకుని ఊపుతుంటే లోపల్నుంచి అయ్యగారి గొంతు వినిపించింది.

"బిడ్డను తీసుకురండి."

"పిన్నిగారండీ, వెళ్లండి!" అంది సత్యవతి.

"వదిలేస్తే అడుగంటుందే! ఫరవాలేదులే, ఆయన ప్రార్థన నీకు తెలియనిదా? దించేసి, చెయ్యి కడుక్కుని, చీర మార్చుకుని వెళ్లినా ఇంకా ఆదికాండంలోనే ఉంటారు."

గుండిగ దించాను. చెయ్యి కడిగాను. గుమ్మంలో కాలు పెట్టాను. "ఆమేన్" అన్నారు అయ్యగారు.

మధ్య దారిలో, నేను నడవాల్సిన చోట, పట్టుచీర కట్టుకుని, నా మనవణ్ణి రెండు చేతుల్లో ఎత్తుకుని, సుగుణమ్మగారు బాప్తిస్మం ఇప్పించుకుని పెళ్లికూతురిలాగా తిరిగి నడిచొస్తున్నారు. నేను బూడిద మొహంతో, చేపల వాసనతో గుమ్మానికి అతుక్కుపోయాను. కళ్లు మండింది పొగ వల్లేనని అందరితో చెప్పాను. మీతో కూడా అదే చెబుతాను.

భోజనాలయ్యాక ఆవిడే వచ్చి, పిల్లాణ్ణి నా ఒళ్లో పడుకోబెట్టి, పక్కన కూర్చున్నారు.

"పులుసు అమృతమండీ వదినగారూ."

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. 

"ఒక్క మాట చెప్పనాండీ? మీ ఫోను మూత తియ్యగానే మాకు అన్నీ వినబడతాయండీ."

"ఎప్... ఎప్పట్నుంచండీ?"

"మొదట్నుంచీనండీ."

"మరి చెప్పలేదేమండీ!"

"చెబితే మానేస్తారు కదండీ," అన్నారావిడ, నా మోకాలి మీద చెయ్యి వేసి. "మీకు కలిపే ముందు ఇంట్లో అందర్నీ పిలిచి స్పీకరు పెడతానండీ. మా మామగారైతే మంచం మీద లేచి కూర్చుంటారండీ. మీరు హలో అన్నాక ఎవరి పనికి వాళ్లు లేచిపోతారండీ. ఆ తర్వాత ఏముంటుందండీ, ఉత్త మర్యాదేగా?"

నేను సునీత వైపు తిరిగాను. "నువ్వు కూడానటే?"

ఆ పిల్ల కొంగు నోటికడ్డం పెట్టుకుని, "నేను చదువు కోసమే విన్నానండీ అత్తయ్యగారూ. మొదట్లో 'చప్పిడి' దగ్గర బాగా తడబడేవారు. ఇప్పుడు చాలా నయమండీ," అంది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. మూత జారితే ఏం చెయ్యాలో వాళ్లకూ తెలియదు, వాళ్ల రోజుల్లో ఫోన్లు లేవు. కనుక నేనే ఈ బాధ్యత నెత్తినేసుకుని, నిద్రపోతున్న నా మనవడి నెత్తి మీద చెయ్యి పెట్టి, పరిశుద్ధంగా ప్రమాణం చేశాను. ఈ బొందిలో ఊపిరి ఉన్నంతకాలం, ఫోను మూత తీశాక హలో తప్ప ఒక్క ముక్క మాట్లాడను. ఏమన్నా అనాలంటే మోగుతుండగానే, మూత తియ్యకముందే అనేస్తాను. ఫోను చేస్తున్నదెవరో అప్పటికి తెలియదు కదా అంటారా? అందరికీ సరిపోయేలా ఒక మాట తయారుగా పెట్టుకున్నాను.