ఆగిన బండిలో వెలిగిన బల్బు

మా ముత్తాతగారు గుండుగొలను దగ్గర మా ఊరికి మునసబు. తాతగారు తాలూకా బోర్డు మెంబరు. కొల్లేటి వైపు ఆయన కౌలుకిచ్చిన పొలాలు గట్టు మీద నిలబడి చూస్తే ఒక్క చూపుకు ఆనేవి కావని చెప్పుకునేవారు. నాన్నగారు ఏలూరు కచేరీకి వెళితే లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసేవారు. నేను తాడేపల్లిగూడెంలో ఒక ఎరువుల డిపోలో గుమాస్తాగా చేరాను.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మొన్న ఏలూరులో మా అమ్మాయి స్కూటరు మొరాయించడం. షోరూములో పనిచేసే ఒకావిడ బ్యాటరీ తీగకు చిన్న మీటరు తగిలించి, తాళం తీసేసినా ఏదో కరెంటు లాగేస్తోందండీ అని చెప్పి, అదేమిటో రెండు నిమిషాల్లో తేల్చేసింది. నేను మాత్రం ఆ మీటరు మీది అంకెను చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నాన్నగారు పోయాక ఆయన మోటారు సైకిలు మూడేళ్లు సావిట్లో గోనెపట్టాల కింద ఉండిపోయింది. ఉద్యోగం వచ్చాక దాన్ని బయటికి తీయించి, కొత్త బ్యాటరీ వేయించి, దాని పాత హంగులేవీ కనిపించకుండా ఒకటే నల్లరంగు కొట్టించాను. గుమాస్తాకు హంగులెందుకని అమ్మతో అన్నాను. నిజానికి ఆ బండి ఎవరిదో దారిలో ఎవరూ ఆనవాలు పట్టకూడదని నా కోరిక.

మా తరం వారికి వేరే చెప్పనక్కరలేదు, ఆనాటి కొన్ని బళ్లకు బ్యాటరీ చస్తే ఎన్ని కిక్కులు కొట్టినా ఇంజను అంటుకునేది కాదు. రంగు వేయించిన వారం నుంచి మా బండిదీ అదే వరస. సాయంత్రం బుద్ధిగా ఇంటికి వచ్చిన బండి పొద్దున్నకి కిక్కుమనేది కాదు. బ్యాటరీ విప్పి, ఎవరికీ కనబడకుండా తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని గూడెం తీసుకెళ్లి ఛార్జింగు పెట్టించేవాడిని. రెండు పంట్లాలు ఆసిడు పడి చిల్లులు పడ్డాయి గానీ నా ఒళ్లో ఉన్నది బ్యాటరీ అని తోటి ప్రయాణికులకు చెప్పడానికి నోరు రాలేదు.

సావిట్లో పడుకునేది మా పాలేరు, తాతగారి కాలం నుంచి ఉన్న మనిషి. అతని అల్లుడు కొల్లేటి అంచున చేపల చెరువుకు కాపలా ఉండేవాడు. ఆ కాపలాదారులు గుడిసెల్లో బ్యాటరీకి బల్బు తగిలించుకునేవారని అందరికీ తెలుసు. నా బుర్ర రెండింటినీ ముడివేసింది. చీకటిపడ్డాక బ్యాటరీ అల్లుడికి ఇచ్చి, తెల్లారేసరికి తెచ్చి బిగిస్తున్నాడని తీర్మానించుకున్నాను. అడిగితే, "దాన్ని ముట్టుకోడం కూడా రాదు బాబుగారూ" అన్నాడు. దొంగలందరూ అదే అంటారని పదిమంది ముందూ అని, రేపటి నుంచి రావద్దన్నాను. అతను తలపాగా విప్పి దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక కూడా బ్యాటరీ చస్తూనే ఉంది. సావిడికి తాళం వేశాను. అయినా చచ్చింది. పదో రోజున గూడెంలో బ్యాటరీల షాపు సాయిబుగారు విసుక్కున్నారు.

"ఎన్నిసార్లని దీన్నే మోసుకొస్తారండీ? రోగం బండిదైతే మందు దీనికి పోస్తే ఎలాగండీ? బండిని తీసుకురండి."

ఆయనకు కళ్లలో పొరలు కమ్మి మనిషి ఆకారం తప్ప ఏమీ ఆనేది కాదు. వేళ్లతో తడిమి అది ఏ తీగో చెప్పేవారు. చూడవలసిందేదైనా ఉంటే ఆయన భార్య చూసేది. ఇద్దరూ కలిసి ఒక మెకానిక్కు అన్నమాట. మర్నాడు బండి మీదే వెళ్లి, గుడ్డివాడి చేతికి దాన్ని అప్పగించానేమిటా అని నాలో నేను నసుగుతూ బల్ల మీద కూర్చున్నాను.

ఆయన తాళంచెవి తీసి నా చేతికిచ్చారు. బ్యాటరీ నుంచి ఒక తీగ ఊడదీసి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య రేగిపండంత బల్బు పెట్టారు. బండి నిజంగా నిద్రపోతుంటే ఇది వెలగకూడదండీ అని ఒక్కమాట చెప్పారు. ఆవిడ ముందుకు వంగి, కొంగుతో బల్బు మీద నీడ పట్టింది.

"ఉందా?"

"ఉంది. పిల్లికన్నులా ఉంది."

నేనూ లేచి కొంగు కిందికి తొంగిచూశాను. తాళం నా గుప్పిట్లో ఉంది, బండి ఆగి ఉంది, అయినా ఆ గాజులో సన్నని ఎర్రని పోగు నిబ్బరంగా వెలుగుతోంది. ఇన్నాళ్లూ నేను మనుషుల్లో వెతికిన దొంగ ఆ ఇనుములోనే కూర్చుని ఉన్నాడు.

ఆయన ఒక్కొక్క తీగా ఊడదీస్తూ వచ్చారు. హారను తీశారు. "పోయిందా?" "లేదు." బ్రేకు లైటు తీశారు. "లేదు." ఛార్జింగు డబ్బాదే తప్పని ఆయన గట్టిగా నమ్మి, దాన్ని విప్పి, "ఇప్పుడు?" అన్నారు.

"ఇప్పుడూ ఉంది. మీ తెలివే ఆరిపోతోంది."

"నోర్ముయ్యి, కళ్లు మూయకు" అన్నారాయన నవ్వుతూ.

చివరికి సీటు కింద ఆయన వేళ్లు ఒకచోట ఆగాయి. ఇది కంపెనీ తీగ కాదండీ, దీనికి బట్ట చుట్టి ఉంది అంటూ మెల్లగా లాగారు. "పోయింది!" అని ఆవిడ అరిచింది. మళ్లీ తగిలించారు. వెలిగింది. ఆ తీగకు చిన్న స్విచ్చు ఉంది. రంగువాళ్లు సీటు విప్పినప్పుడు ఎప్పుడో నొక్కుకుపోయినట్టుంది. తీగను వేళ్లతో పట్టుకుని ఆయన ముందు చక్రం దాకా నడిచి, మడ్‌గార్డు మీద బ్లేడుతో నా నల్లరంగు గీకారు. కింద గాజుపలక బయటపడింది. బ్యాటరీ తీగ మామూలుగా బిగించగానే ఆ గాజులోంచి మా ఇంటిపేరు పచ్చగా వెలిగింది.

కచేరీ బయట బండి ఆగి ఉన్నా అది ఎవరిదో తెలియాలని నాన్నగారు తాళంతో పనిలేకుండా పెట్టించుకున్న దీపమది. అది హెడ్‌లైటుతోనే వెలుగుతుందనుకుని, నేనే దాని మీద రంగు కొట్టించాను.

"ఎవరి పేరండీ ఇది?" అని ఆవిడ అడిగింది.

మాదేనని చెప్పి, గాజు అంచున మిగిలిన నల్లరంగును నేనే గోటితో గీకాను.

అటునుంచి అటే పాలేరు ఉండే పేటకు వెళ్లాను. మా ఇంటి మగవాళ్లు ఎవరూ అతని గుమ్మం దాకా వెళ్లి ఎరగరు. అతని భార్య నన్ను కూర్చోమనలేదు.

"పదిమందిలో అన్నారు కదండీ, పదిమందిలోనే చెప్పండి" అంది.

చెప్పాను. తప్పు నాదని, అతను దొంగ కాదని, పేట అంతా వినేలా నిలబడి చెప్పాను. నా జీవితంలో అంత పొడుగు వాక్యం నేనెప్పుడూ పలకలేదు. ఆ ఊపులోనే, నువ్వుంటున్న మా ఈ మూడు సెంట్లూ నీ పేర రాసిస్తానని కూడా అన్నాను. అతను నా వంక జాలిగా చూసి, "ఇప్పుడదెందుకులెండి బాబుగారూ, బండి బాగైంది, చాలు" అన్నాడు. మర్నాటి నుంచి మళ్లీ సావిట్లో పడుకున్నాడు.

ఇప్పుడు యంత్రం తప్పును యంత్రమే చెబుతోంది, మంచిదే. ఒకరు అడిగితే ఇంకొకరు కొంగు పట్టి చూసి ఉందనో లేదనో చెప్పడం, ఆ మాట నమ్మి మూడోవాడు తన తప్పు తెలుసుకోవడం మాత్రం ఇక చూడబోము.

మాట ఇచ్చాను కనుక ఆ నెలలోనే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి కాగితాలు తీయించాను. ఆ మూడు సెంట్లూ, వాటి వెనకాల చేనుతో కలిపి, నాన్నగారు తాను పోవడానికి రెండేళ్ల ముందే అమ్మేశారు. సాక్షి సంతకం చోట మా పాలేరు వేలిముద్ర ఉంది.