కేతకి ఆనర్స్ తెగిపోయింది

నిశీథ్ నాకు తమ్ముడు, కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. వాడి గురించి మంచిగా చెప్పేవాళ్ళు బెంగాల్లో మా కృష్ణనగర్ నిండా ఉన్నారు. వినాలనుంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నేను వాడి కూతురు కేతకి గురించి చెబుతాను. పసితనంలోనే తల్లి పోతే దాన్ని పెంచింది నేను. దానికి నేను పిసిని, అంటే మేనత్తని. ఆడపిల్లల బడిలో బంగ్లా పాఠాలు చెప్పుకునేదాన్ని, లెక్కల జోలికి పోయినదాన్ని కాదు. అయినా ఈ ఇంట్లో జరిగింది అర్థం చేసుకోవడానికి లెక్కలతో పని లేదు.

చిన్నప్పుడు ఆ పిల్ల నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. నిశీథ్ దాన్ని పెరట్లో నిలబెట్టి, నూతి దగ్గర నుంచి తూర్పుకి ఎన్ని అడుగులో, ఉత్తరానికి ఎన్ని అడుగులో చెబితే చాలు, ఏ చోటైనా దొరికిపోతుందని నేర్పాడు. అది కాసేపు ఆలోచించి, రెండూ తూర్పుకే అయితే ఉత్తరాన ఉన్న జామచెట్టు దగ్గరికి ఎలా వెళ్తామని అడిగింది. వాడి సంతోషం చూడాలి. దాన్ని భుజం మీద ఎక్కించుకుని వీధంతా తిరిగాడు. తన దగ్గర ఆనర్స్ చదివే మగపిల్లలకి తట్టని సంగతి తన కూతురికి తట్టిందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. తనకి జవాబు తెలిసిన ప్రశ్నలంటే నిశీథ్‌కి ప్రాణం. ఆ సంగతి మాకప్పుడు తెలీదు.

పెద్దయ్యాక కేతకి వాడు చెప్పే కాలేజీలోనే ఫిజిక్స్ ఆనర్స్‌లో చేరింది. ఆనర్స్ ఉంటేనే ఎమ్మెస్సీ. మార్కులు తగ్గితే ఆనర్స్ తెగిపోతుంది, ఉత్త డిగ్రీ మిగులుతుంది. ఫలానా వాళ్ళ పిల్లకి ఆనర్స్ తెగిందట అంటే మా వైపు చెయ్యి తెగినంత జాలి పడతారు. కేతకికి ఎమ్మెస్సీ తప్ప లోకంలో ఇంకేం అక్కర్లేదు. సినిమాలు లేవు, చీరలు లేవు. అన్నం తింటూ కూడా కంచం అంచు మీద వేలితో ఏవో గీతలు గీసుకునేది.

రెండో ఏడు ఒక రోజు నిశీథ్ క్లాసులో నోట్సు చెప్పి రాయిస్తున్నాడు. స్థితిని మాట్రిక్స్‌తో గుణించడమే కొలత అని రాయించాడట. కేతకి లేచి నిలబడింది. అది నాకు ఎన్నిసార్లు చెప్పిందో, ముక్క అర్థం కాకపోయినా మాటలన్నీ కంఠతా వచ్చేశాయి.

"సార్, పైకి ఉన్న స్పిన్‌ని అడ్డంగా కొలిస్తే కుడి ఎడమలు చెరిసగం రావాలని మీరే చెప్పారు. గుణిస్తే మాత్రం సూటిగా కిందికి తిరిగిపోతోంది. గుణించడం, కొలవడం ఒకటెలా అవుతాయి సార్?"

వాడు సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగాడట. గుణించాడు, చెరిపాడు, మళ్ళీ గుణించాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, వాడి మొహం కందగడ్డయింది. ఇంట్లో అడగాల్సినవి ఇంట్లో అడగాలి గానీ క్లాసులో నాటకాలేమిటని కేకలేసి, గంట కొట్టేదాకా దాన్ని నిలబెట్టాడు. పాపం పిచ్చిది, నిజంగానే ఇంటికొచ్చి అడిగింది. ఇది కాలేజీ కాదు, నన్ను మనశ్శాంతిగా టీ తాగనివ్వమన్నాడు. మర్నాటి నుంచి క్లాసులో అడుగుపెట్టగానే, "మేడమ్ గారి అనుమానాలు తీరాయా? పాఠం మొదలెట్టమంటారా?" అని రోజూ అదే పాట. సారే మొదలుపెట్టాక పిల్లలు ఊరుకుంటారా? కారిడార్లో అది నడుస్తుంటే పక్కకి తప్పుకుని దండాలు పెట్టేవాళ్ళు. కేతకి కిమ్మనేది కాదు. ఎమ్మెస్సీలో చేరితే వీళ్ళెవరి మొహాలూ చూడక్కర్లేదని నాతో అనేది.

ఆ ఏడు థియరీ పేపర్లు అందరినీ ముంచాయి. ప్రాక్టికల్స్‌లో నాలుగు మార్కులు ఎక్కువ పడితే తప్ప చాలామందికి ఆనర్స్ నిలవదని పరీక్షలయిన రోజునే తెలిసిపోయింది. పిల్లల్ని అలా గట్టెక్కించడం పరీక్షకులకి అలవాటే. కలకత్తా నుంచి లాహిరి అనే పెద్దమనిషి పరీక్షకుడిగా వచ్చాడు. ఇక్కడి తరఫున నిశీథ్. వచ్చిన పరీక్షకుడికి భోజనం మా ఇంట్లోనే, మార్కులు తేల్చుకునేదీ భోజనాల బల్ల దగ్గరే. నేను ఆవ పెట్టిన ఇలీశ్ చేప వడ్డిస్తున్నాను. కేతకి వంటింట్లో ఆయన కోసం పళ్ళెంలో మా ఊరి మీగడ మిఠాయి సర్‌పురియా సర్దుతోంది.

ఒక్కో పేరూ చదవడం, పాపం బీదపిల్లాడనో, పాపం జ్వరంతో రాశాడనో నిశీథే చెప్పడం, లాహిరి గారు చేపముల్లు తీసుకుంటూ తలూపి మార్కులు పెంచడం. వాడి నోట్లోంచి అంత జాలి రావడం నేనెప్పుడూ వినలేదు. చివరికి కేతకి పేరు వచ్చింది. అమ్మాయి చక్కగా చేసింది, దీనికీ నాలుగు వేద్దామన్నాడాయన.

"వద్దండి," అన్నాడు నిశీథ్. "అది నా కూతురు."

లాహిరి గారు తినడం ఆపి వాడి వంక చూశాడు. ఆ చూపు నిండా గౌరవమే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అందరికీ వేశావు గదరా," అన్నాను. "దీనికొక్కదానికే నువ్వు తండ్రివయ్యావా?"

"దీదీ, నువ్వు చేపలు వడ్డించు."

అప్పుడే కేతకి మిఠాయి పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. అన్నీ విన్నదని మొహం చూస్తేనే తెలుస్తోంది. తండ్రి వైపు చూడలేదు. తల వంచుకుని, ఇంకొకటి తీసుకోండి సార్ అని లాహిరి గారికి సర్‌పురియా వడ్డించింది. ఆయన చాలా బాగుందని మెచ్చుకుని, తనివితీరా తిని వెళ్ళాడు.

ఫలితాలొచ్చాయి. క్లాసులో దానికి దండాలు పెట్టినవాళ్ళందరికీ ఆనర్స్ నిలిచింది. కేతకికి తెగింది. ఊరంతా నిశీథ్ బాబు నిజాయితీ గురించే మాట్లాడుకుంది. సొంత కూతుర్ని కూడా వదల్లేదటే, మనిషంటే అలా ఉండాలి అని కూరల అంగడిలో నన్ను ఆపి మరీ చెప్పారు. మీ కూతుళ్ళకి పట్టాలి అలాంటి తండ్రి అన్నాను. ముసలిదానికి నోటి దురుసన్నారు.

ఎమ్మెస్సీ మాట ఇంట్లో మళ్ళీ రాలేదు. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్లో కేతకి పనికి కుదిరింది. ఆ కొట్టు బతికేదే నిశీథ్ నోట్సు మీద. ఏటా కొత్తగా చేరిన పిల్లలు వచ్చి అడుగుతారు, అది మిషను మూత ఎత్తి, కాగితం పెట్టి, మూసి, తీసి ఇస్తుంది. గుణించడమే కొలత అన్న వాక్యం అలాగే ఉందా అని ఒకసారి అడిగాను. అలాగే ఉంది పిసీ అంది. పెరట్లో అన్నేసి ప్రశ్నలేసిన పిల్ల ఇంట్లో ఏదీ అడగడం మానేసింది. కూరలో ఉప్పు చాలకపోయినా లేచి వెళ్ళి తనే వేసుకునేది.

నిశీథ్ రిటైరైన రోజు కాలేజీలో పెద్ద సభ చేశారు. శాలువా కప్పారు, పూలగుత్తులిచ్చారు. ప్రిన్సిపాల్ మైకు ముందుకొచ్చి ఆ నాలుగు మార్కుల కథ మొత్తం చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఆ అమ్మాయి కూడా ఇక్కడే ఉంది, ఒకసారి లేచి నిలబడమ్మా, అందరూ చూస్తారు అన్నాడు. కేతకి లేచి నిలబడింది. చప్పట్లు మోగాయి. ఆగేదాకా అలాగే నిలబడి, నమస్కారం పెట్టి కూర్చుంది. వేదిక మీద నిశీథ్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. నా చేతిలో రాయి ఉంటే విసిరేదాన్ని.

ఇంటికి టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, బయల్దేరాం. వాడూ, వాడి పూలగుత్తులూ ఒక వైపు, మేమిద్దరం ఎదురుగా. చప్పట్ల మత్తు ఇంకా దిగలేదో, నిజంగానే మనసు కరిగిందో, వాడు ముందుకి వంగి కేతకి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రోజు క్లాసులో నువ్వడిగింది సరైనదేనమ్మా. సాయంత్రం పుస్తకం తీసి చూశాను. నేను రాయించిందే తప్పు."

 కేతకి మెల్లగా అడిగింది.

"పరీక్షలకి ముందే తెలుసా నాన్నా?"

"తెలుసు."

"మరి ఆ మార్కులు ఎందుకు వద్దన్నావు?"

వాడు దాని వంక వింతగా చూశాడు. ఇంత చిన్న సంగతి దానికెందుకు తెలియలేదా అన్నట్టు.

"క్లాసంతా విన్నారు గదమ్మా," అన్నాడు.

కేతకి చెయ్యి వెనక్కి తీసుకుంది. వాడు శాలువా సర్దుకుని, ప్రిన్సిపాల్ బాగా మాట్లాడాడు కదా దీదీ అని నన్నడిగాడు. ఇల్లొచ్చింది. కేతకి ముందుగా దిగి వెళ్ళి తాళం తీసి, వాడి పూలగుత్తులకి నీళ్ళు పట్టింది.