రెండింట్లో ఒకటే

"...ప్రోగ్రామును ఉన్నదున్నట్టే నడపాలంటే, అన్నయ్యని ఓడించడానికే ఈ పరీక్ష పెట్టినట్టుంది వదినా!"

"కాస్త మెల్లిగా మాట్లాడు. సంపాదకుడుగారు పక్కగదిలోనే ఉన్నారు."

నిఘంటువు ఆఫీసులో వదినా మరుదులవి పక్కపక్క బల్లలు. మూడోది ఆవిడ భర్తది. నిరుడు ఆయన గుండెపోటుతో పోయాక దాని మీద ప్రింటరు పెట్టారు.

నిఘంటువంతా, ఏది మాటో ఏది అర్థమో గుర్తులు తగిలించిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లలో ఉంటుంది. వాటిని అచ్చు పేజీలుగా మార్చే ప్రోగ్రామును ఆయన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ భాషలో రాశాడు. అదే పనికి ఆవిడ ఎక్స్‌క్వెరీ భాషలో ఇంకొకటి రాసింది. ఏది చురుకైనదన్న వాదన వాళ్లింట్లో కంచాల ముందు కూడా తెగేది కాదు.

"నీది అడిగిందే ఇస్తుంది. నాది అడగందీ ఇస్తుంది" అని ఉడికించేవాడు.

"అందుకే పేజీల నిండా చెత్త" అనేది ఆవిడ.

రెండూ పోషించలేం, ఒకటే ఉంచుదామని సంపాదకుడు ఇప్పుడు తేల్చేశాడు. పోల్చి చూసే పని ఆవిడకే అప్పగించాడు. రెండూ నడిపి చూస్తే, వేగంలో భర్తది బాగా వెనకబడింది. ఎందుకో ఆవిడకు ఎప్పటినుంచో తెలుసు. ఏ మాటకు మూలపదం కావలసి వచ్చినా ఆ ప్రోగ్రాము నిఘంటువును మొదటినుంచీ గాలిస్తుంది. ముందే ఒక సూచిక తయారుచేసి పెట్టుకోమంటే, "చేద్దాంలే, తొందరేముంది?" అనేవాడు.

"సూచికకి కావలసిన ఆ ఒక్క లైనూ నువ్వే పెట్టు" అన్నాడు మరిది. "అన్నయ్య చొక్కాకి బొత్తాం ఊడితే కుట్టేదానివిగా? అంతమాత్రాన చొక్కా నీదైపోయిందా?"

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని ఫైలు తెరిచింది. లైను పెట్టి మళ్లీ నడిపింది. ఈసారి ఆయనది వెంట్రుకవాసి ముందుంది.

"చూశావా!" మరిది బల్ల చరిచాడు.

ఆవిడ ఫైలు మూయలేదు. కిందికి చదువుతూ పోయింది. ఇంట్లో తాళాలు పెట్టినట్టే, ఒకచోట దాచిందాన్ని ఇంకెక్కడో వెతుక్కునేలా రాశాడు. లైన్ల మధ్యమధ్య ఆవిడ కోసమే రాసిపెట్టిన చురకలు. 'మేడంగారూ, ఇక్కడ చెయ్యి పెట్టొద్దు.' ఇంకాస్త కిందికి పోతే, 'చెప్పానా, వినవు కదా.' ఆవిడ వేలు మీట మీదే ఆగిపోయింది. ఇకమీద ఏ పేజీలో తప్పొచ్చినా దిద్దడానికి ఇందులోకి దిగవలసింది తనే.

సంపాదకుడు తలుపు దగ్గరికి వచ్చాడు. "ఏది గెలిచిందమ్మా?"

"ఆయనదే సార్."

మరిది ముఖం వెలిగిపోయింది.

"కానీ నాదే ఉంచండి" అంది ఆవిడ. "ఆయనది ఇవాళే తీసేస్తాను."