మామ్మ పది గోళ్ళు

ఆ రోజుల్లో నా చేతులు నావి కావు, రొయ్యల కంపెనీవి. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి (నేను లేని లోటు బడికి ఇప్పటికీ తెలిసినట్టు లేదు), నాలుగేళ్ళు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, పద్దెనిమిది నిండగానే రొయ్యలు ఒలిచే పనిలో చేరాను. తెల్లారగానే మద్దిలపాలెం జంక్షన్‌లో కంపెనీ బస్సెక్కి వెళితే, గేటు దగ్గర ఒకావిడ మా చేతులు తిప్పి తిప్పి చూసేది. గోరు పెరిగినా, గోటి మీద రంగు చుక్క కనిపించినా ఇంటికి పంపేసేది. రంగు పెచ్చు ఊడి రొయ్యల్లో పడితే ఆ సరుకంతా పారబోయాలట. ఆవిడకి మేం భూతద్దం అని పేరు పెట్టుకున్నాం. తర్వాత నన్ను చూడ్డానికి వచ్చిన పెళ్ళివాళ్ళు కూడా నా చేతుల్ని అంత శ్రద్ధగా చూడలేదు. చూసుంటే బాగుండేది, కనీసం ఆ ఒక్క పరీక్షయినా పాసయ్యేదాన్ని.

అలాంటి నాకు గోళ్ళరంగుల పిచ్చి పట్టింది. పట్టించింది మా దువ్వాడ వదిన, అంటే పెదనాన్న కోడలు. దువ్వాడ రైల్వే స్టేషన్ దగ్గర రెండు గదుల ఇంట్లో ఉంటూ, వంటగది గట్టు మీదే రంగులు కలిపేది. పెద్ద కంపెనీల సరుకు కాదు, ఇంట్లో పదీ పదిహేను సీసాలు చేసి ఫోన్‌లో అమ్ముకునే రకం. వాటిని ఇండీ పాలిష్‌లంటారు (ఇండిపెండెంట్ అన్న మాటకి పొట్టిపేరట, ఇండియాలో చేస్తారు కాబట్టి ఆ పేరని నేను చాలాకాలం నమ్మాను). కొత్త రంగు చేసినప్పుడల్లా దాన్ని ఎవరైనా వారం రోజులు వేసుకుని, ఎన్నాళ్ళకి పెచ్చులూడింది, సబ్బునీళ్ళకి ఆగిందా లేదా అని చెప్పాలి. ఆ పని నాకిచ్చింది. చేతులకి భూతద్దం గండం. కాలిగోళ్ళకి వేసుకుంటే రోజంతా గమ్‌బూట్లలో చీకటి, మెచ్చుకోవడానికి నా సాక్సు తప్ప ఎవరూ లేరు. అందుకని ఇంట్లో ఖాళీగా ఉన్న పది గోళ్ళ మీద నా కన్ను పడింది. అవి మా మామ్మవి.

జాలారిపేటలో మా ఇంట్లో మేమిద్దరమే. అమ్మానాన్నా నా చిన్నప్పుడే పోయారు. మామ్మ నెత్తిన గంప పెట్టుకుని ఊరంతా చేపలమ్మి నన్ను పెంచింది. ఆ ఏడాది గుండె నీరసించింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మంచం దిగకూడదు, చన్నీళ్ళు ముట్టకూడదు అన్నాడు డాక్టరు. మామ్మ బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చాక ఆయన చేపలు బేరమాడే మనిషిలా లేడని తేల్చేసింది. ఆ చేతుల్ని ముందేసుకుని నేను కూర్చున్న మొదటి ఆదివారం, గోళ్ళ సందుల్లోని పొలుసు మరకలు తోమడానికే గంట పట్టింది. ఎర్ర సీసా మూత తీయగానే మామ్మ ముక్కు మూసుకుంది.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావ్? పడవకి ఏసే రంగు నాకేత్తన్నావా?"

"పడవ కంటే నువ్వే ముసలి. కదలకు."

అలా మొదలైంది. వేలికో రకం వేసేదాన్ని. అద్దంలాంటి నునుపుది ఒకటి, మెరుపే లేకుండా సుద్దలా ఆరిపోయేది ఒకటి, ఎండ తగిలితే ఇంద్రధనుస్సు లేచేది ఒకటి, సీతాకోకచిలుక రెక్కలు పొడి చేసి కలిపినట్టు రేకులున్నది ఒకటి. జెల్లీ అనేది మూడు పూతలేసినా గోరు కనపడుతూనే ఉండేది, మామ్మ దానికి నీళ్ళసాంబారని పేరు పెట్టింది. ఇనుపపొడి కలిపినది ఇంకో రకం. తడి ఆరకముందే గోటి మీద అయస్కాంతం పెడితే పొడంతా ఒక గీతలా పోగవుతుంది. మామ్మకి అదే ఇష్టం, చేపలు వలలోకి తిరిగినట్టుందని మళ్ళీ మళ్ళీ చేయించుకునేది. చూడ్డానికొచ్చిన పేట ఆడవాళ్ళకి తన ఒంట్లో సంగతి చెప్పడం మానేసి గోళ్ళు చూపించేది. ఇన్నేళ్ళు చేపల కోసం వచ్చినవాళ్ళు ఏనాడైనా నా చెయ్యి చూశారా అని దెప్పేది కూడా.

ఆ తర్వాత వదిన ఇంకో సీసా ఇచ్చింది. వెచ్చగా ఉంటే లేత గులాబీ, చల్లబడితే ముదురు నేరేడుపండు రంగు. అది వేసిన రోజునుంచే నాకు పాడుబుద్ధి పుట్టింది. పొద్దున్నే లేచి మొహం కడుక్కోకుండానే మామ్మ చెయ్యెత్తి చూసేదాన్ని. గులాబీ ఉంటే టీ పెట్టేదాన్ని. కొనల దగ్గర నేరేడు కనిపిస్తే అరచేతుల మధ్య పెట్టి రుద్ది, గులాబీ వచ్చాకే వదిలేదాన్ని. మామ్మ కళ్ళు తెరవకుండానే అడిగేది.

"ఏటే గుంటా, ఉన్నానా?"

"ఉన్నావులే, పడుకో."

నెలలు గడిచేకొద్దీ ఆ నేరేడు రంగు కొనల నుంచి లోపలికి జరుగుతూ వచ్చింది. రుద్దే సేపు పెరిగింది. బస్సు తప్పిపోయిన రోజులున్నాయి. వదినకి ఫోన్ చేసి సీసాలో ఏదో తేడా ఉంది, వేరేది ఇమ్మన్నాను. వదిన మెల్లిగా అంది, "అది రంగే పాపా. డాక్టరు కాదు."

ఒకనాడు కంపెనీకి ఐసు సరిగా రాక మధ్యాహ్నమే పని ఆపేశారు. ఇంటికొచ్చేసరికి మామ్మ గోడవైపు తిరిగి పడుకునుంది. అలవాటుగా రెండు చేతులూ ఎత్తి చూశాను. పది గోళ్ళూ కారునేరేడు. చెయ్యి చల్లగా, తడిగా ఉంది. పిలిచినా పలకలేదు. మా పేటలో మనిషి పోతే ఊరికే ఏడవరు, పోయినవాళ్ళ మంచితనమంతా వరసకట్టి చెప్పి ఏడుస్తారు, తమ తప్పులుంటే అవీ ఒప్పుకుంటారు. నేను రెండోదానితో మొదలెట్టాను. మేష్టారు నన్ను బడినుంచి గెంటేశారని చెప్పాను గానీ మామ్మా, ఆయన గెంటలేదు, లెక్కలు రాక నేనే మానేశాను, అనవసరంగా నువ్వు వెళ్ళి ఆ పెద్దమనిషిని తిట్టొచ్చావు, నీ గంప అమ్మేసింది కూడా నేనే, మళ్ళీ బజారుకెళ్తావని భయమేసి అమ్మేశాను. గుమ్మం నిండా జనం చేరారు. ఒకావిడ నాతో గొంతు కలిపింది. గంప దగ్గరికొచ్చేసరికి మంచమ్మీంచి వినపడింది.

"గంప అమ్మీసినావేటే?"

గొంతు కలిపినావిడ గుమ్మం దాకా పరిగెత్తింది. జరిగిందేమిటంటే, పక్కింటాయన పొద్దున ఐసుతో సహా పది కానాగంత చేపలు ఇచ్చి వెళితే, మామ్మ మంచం దిగి, ఐసునీళ్ళలో చేతులు పెట్టి, పది చేపలూ కోసి కడిగింది. నా అడుగుల చప్పుడు విని, తిడతానని దొంగనిద్ర పోయింది. మరి అంతసేపు ఎందుకు పలకలేదని అడిగితే, నవ్వలేక ఆయాసపడుతూ అంది.

"బడి సంగతి నువ్వెప్పుడు సెప్తావా అని సూత్తన్నాను. ఇన్నాళ్ళకి సెప్పినావు. మేష్టారు నాకు అప్పుడే సెప్పీసినాడే. నాను తిట్టలేదు, రెండు వంజరం సేపలిచ్చొచ్చినాను."

ఆ సాయంత్రం పేటంతా నన్ను చూసి నవ్వింది. చేపల పులుసు మాత్రం చాలా బాగుంది. మామ్మ చేతి వంటలో అదే ఆఖరిది.

చలికాలం మొదట్లో ఒక పొద్దున చెయ్యెత్తాను. నేరేడు. ముందు వంటగదిలోకి వెళ్ళి చూశాను, చేపలున్నాయేమోనని. లేవు. వచ్చి కూర్చుని రుద్దాను. నా వేడికి ఒక్కో గోరూ గులాబీ అయ్యేది, రెండో చేతికి వెళ్ళేలోపు మొదటి చెయ్యి నల్లబడేది. పది గోళ్ళనీ ఒకేసారి పట్టుకోవడానికి నా చేతులు సరిపోలేదు. ఎంతసేపు అలా చేశానో తెలియదు. ఆడవాళ్ళొచ్చి ఏడవమన్నారు. నాకు వరస రాలేదు, ఒప్పుకోవాల్సినవన్నీ ముందే అయిపోయాయి. ఉన్నానా అని మామ్మ అడుగుతుందేమోనని అలాగే కూర్చున్నాను. భూతద్దం కూడా వచ్చింది. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుంది, తిప్పి చూడలేదు.

ఇప్పుడు నేను రొయ్యల పనిలో లేను. పెందుర్తిలో చిన్న ఫ్యాన్సీషాపు, అందులో వదిన రంగులకి ఒక అర. వేళ్ళకి ఏ రంగైనా వేసుకోవచ్చు, అడిగే గేటు లేదు. అయినా తొమ్మిది గోళ్ళు బోసిగానే ఉంచుతాను. చిటికెనవేలికి మాత్రం ఆ పాత సీసా అడుగున మిగిలిన చిక్కటి రంగు, థిన్నర్ పోసి పోసి బతికిస్తున్నది, వేస్తాను. ఏసీ బస్సెక్కితే అది నేరేడవుతుంది. పక్క సీటావిడ ఏమనుకుంటుందోనని కిటికీ వైపు తిరిగి, ఆ వేలిని పిడికిట్లో దాచుకుని, లోపల్లోపలే మామ్మలాగే అడుగుతాను, ఏటే గుంటా, ఉన్నానా అని. బస్సు ఎన్‌ఏడీ జంక్షన్ దాటేసరికి, ఉన్నావులే అన్నట్టు గులాబీ వచ్చేస్తుంది. లెక్కలు రాక బడి మానేసిన మనిషిని కదా, ఆ ఒక్క జవాబూ సరిపోయినందుకు నాకు నేనే నవ్వుకుంటాను.