నా నడుము కోసం కొన్న ఊగే కుర్చీ

ఈ రోజు మా వరండాలోకి ఊగే కుర్చీ వచ్చింది. నా నడుము నొప్పికి వీపు ఆనించి కూర్చోమని డాక్టరమ్మ చెప్పినందుకు కొన్న కుర్చీ అది.

పొద్దున మామయ్య, మా ఆయన, నేను ట్రాక్టరెక్కి కల్లూరు వెళ్లాం. వడ్రంగి తన కొట్టు ముందు కుర్చీలన్నీ వరసగా వేశాడు. మా ఆయన టేకు చేవను గోటితో గీకి చూశాడు. అతుకుల దగ్గర కిర్రుమంటోందేమోనని చెవి పెట్టి విన్నాడు. మామయ్య ఒక్కోదాంట్లో కూర్చుని ఊగారు.

"కూసునేది ఎవరు? కాళ్లు నేలకు ఆనాలె. వాళ్లనే కూసోమనుండ్రి," అన్నాడు వడ్రంగి.

నేను ముందుకు కదిలాను. మా ఆయన చెయ్యి పట్టి ఆపాడు.

"నాన్న ముందట కుర్చీలో కూసుంటవా ఏంది? ఆయనకు సరిపోతే నీకూ సరిపోద్దిలే."

మామయ్య ఆరడుగుల మనిషి. ఆయన కాళ్లకు కుదిరిన కుర్చీనే ఇంటికి తెచ్చాం.

సాయంత్రం మామయ్య పొలం వైపు వెళ్లాక అందులో మొదటిసారి కూర్చున్నాను. నా కాళ్లు నేలకు అందలేదు. మునివేళ్లతో నేలను వెతుక్కుంటుండగానే గేటు చప్పుడైంది. చటుక్కున లేచాను.

మామయ్య వచ్చి, ఒళ్లో ట్రాన్సిస్టర్ పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలారు.

"హాయిగా ఉందమ్మా. నీ నడుం నొప్పి తగ్గిందా?"

"తగ్గింది మామయ్యా," అన్నాను, నడుమును గోడకు ఆనించి నిలబడి.

మీరే చెప్పండి, మీ ఇళ్లలో నొప్పి ఎవరిది, కుర్చీ ఎవరిది?